కట్ట దిగువకు రాని ఇంజినీరు

గుమ్మిడికొండ అడవిలో వాగుకు అడ్డంగా కొత్త చెరువు కట్ట లేచింది. కట్టించింది ఇంజినీరు శేషాచలం, జాతికి నక్క. ప్రస్తుతానికి కట్ట వెనక మోకాలి లోతు నీళ్లే ఉన్నాయి. తెల్లారితే వాగంతా అందులోకి మళ్లిస్తారు. కట్ట దిగువ పల్లంలో కుందేళ్ల బొరియలు, బొరియల నిండా పసిపిల్లలు.

ఆ రోజే గాడిద పైడమ్మ ఉద్యోగం అడగడానికి వచ్చింది. సగం జీవితం మూటలు మోసింది. పిల్లలు ఎదిగి ఎవరి దారి వాళ్లు చూసుకున్నాక, చెదపురుగుల బడిలో చేరింది. లేగదూడల పక్కన కూర్చుని పుట్టలూ కట్టలూ కట్టే చదువు పూర్తిచేసింది. ‘గాడిదకు చదువా, అదీ ఈ వయసులో!’ అని అడవంతా నవ్వింది. నవ్వడానికేం, ఖర్చులేని పని. పాపం, ఎక్కడ ఉద్యోగం అడిగినా ‘చూద్దాంలే’ అన్నవాళ్లే గానీ చూసినవాళ్లు లేరు.

నక్క మాత్రం ఎదురొచ్చింది. “రా పైడమ్మా! నీలాంటిదాని కోసమే చూస్తున్నా. ఈ కట్ట చార్జి ఇప్పుడే తీసుకో. ఇక దీని మంచీ చెడ్డా నీదే.”

పైడమ్మకు కళ్లు చెమర్చాయి. “నన్నూ ఇంజినీరనే పిలుస్తారా అయ్యా?”

“పిలవక? ఏనుగుగారి ముందే అప్పగిస్తా!”

అడవి పెద్ద ఏనుగు వచ్చింది. కుందేళ్లూ చేరాయి.

“ఈ తడిమట్టిలో కాలిముద్ర వెయ్యి, చాలు” అంది నక్క.

పైడమ్మ కాలెత్తి, ఆగింది. “ఏమనుకోకండయ్యా, కొత్తదాన్ని. కట్ట దిగువన నిలబడి ఒకసారి అంతా చూపించరూ?”

“ఇన్ని ప్రశ్నలేమిటి? నీతో చదివిన దూడల్ని చూడు, ఒక్కటీ అడగవు.”

“అడగడం వాటికి నామోషీ అయ్యా. నన్ను చూసి నలుగురూ నవ్వడం నాకలవాటే. రండి.”

“నాకు కాళ్లనొప్పులు.”

“నా వీపెక్కండి.”

“అబ్బ, అక్కడంతా బురదే!”

పైడమ్మ చెవులు నిక్కాయి. “ఒక్క చినుకు పడలేదు కదా. మోకాలి లోతు నీళ్లకే కింద బురదొచ్చిందంటే, కట్ట కారుతోందా?”

తల్లి కుందేలు గుండెలు బాదుకుంటూ బొరియకేసి పరుగెత్తింది. ఏనుగు నక్క వైపు తిరిగింది. “శేషాచలం, నువ్వెళ్లి దిగువన నిలబడు. వాగు ఇప్పుడే మళ్లిద్దాం.”

“వద్దు బాబోయ్!” నక్క ఏనుగు కాళ్ల మీద పడింది. “లోపల బంకమట్టికి బదులు ఎండాకులు కుక్కాను. గండి పడితే మాట ఈవిడ మీదికి పోతుందనుకున్నా!”

పైడమ్మ మొహం వాడిపోయింది. “అంటే నన్ను పనికి పిలవలేదు, నిందకు పిలిచారన్నమాట.” ఆ మాటకు నవ్వినవాళ్లంతా తలలు దించుకున్నారు.

ఏనుగు మెల్లగా అడిగింది. “అమ్మా, ఇప్పుడు చార్జి తీసుకుంటావా?”

“తీసుకుంటానండి. కానీ ఇదంతా తవ్వి మళ్లీ కట్టాలి. మట్టి మొయ్యడానికి ఒకరు కావాలి.”

అందరూ నక్క వైపు చూశారు. శేషాచలం గారు తట్ట నెత్తికెత్తుకుని, “మట్టి ఎక్కడ పొయ్యమంటారు, ఇంజినీరుగారూ?” అన్నారు.

నీతి: ఆలస్యంగా మొదలుపెట్టడం తప్పుకాదు, అడగడానికి సిగ్గుపడి తలూపడమే తప్పు.