తంగేడు మోడు

రైతు దొడ్డిలో కోళ్ళగూడు వెనక ఒక తంగేడు మోడు ఉండేది. ఎద్దును పగలంతా దానికే కట్టేసేవారు. పశువులు తంగేడు ముట్టవు గనక చిగుళ్ళు తుంచే పని నల్లపెట్ట మీద పడింది. పొద్దస్తమానం పొడిచేది. ఒక చిగురు పొడిస్తే పక్కన నాలుగు లేచేవి. మోడు కాస్తా పొదయింది. ఆ పొద దగ్గరే పెట్ట పిల్లలు రెండు మాయమయ్యాయి. మిగిలినవాటిని రెక్కల కింద పెట్టుకున్నా పెట్టకు కంటిమీద కునుకు లేదు.

నక్క మాత్రం కంచె అవతలినుంచి పలకరిస్తూ ఉండేది.

“చిగుళ్ళు పొడుచుకో వదినా. వేళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు. నీ గూడు గోడ వాటిమీదే నిలబడింది. కదిపావో, పిల్లలమీద పడుతుంది.”

“ఎంత మంచివాడివి మరిదీ,” అనేది పిచ్చి పెట్ట.

ఒకరోజు ఈ మాట ఎద్దుకు చెప్పింది. ఎద్దు నెమరు ఆపి అడిగింది.

“గొర్రె చస్తే తోడేలు ఏడ్చిందట. నీ గోడ కూలితే వాడికేం నష్టమే?”

పెట్ట పొద అవతలికి వెళ్ళి చూసింది. గడ్డి నలిగి, నక్క పడుకునేంత పక్క తయారై ఉంది. పక్కన తన పిల్లల ఈకలు. పెట్టకు ఒళ్ళు మండింది.

“మావా, నువ్వు ఒక్క లాగు లాగితే ఈ మోడు రాదా?”

“పొడినేలలో లాగితే పలుపు తెగుతుంది. ముందు నేల నానాలి, వేళ్ళు తేలాలి. గీకడం మీ ఇంటి విద్యేగా.”

ఎద్దు తన కుడితి తొట్టిని కొమ్ముతో మోడు మొదట్లోకి ఒరగదోసింది. ఆ పూటకు పస్తే. తడిసిన మట్టిని పెట్ట గీకింది. వానపాములు దొరికేసరికి పిల్లలూ ఎగబడి గీకాయి. సన్నవేళ్ళను పెట్ట ముక్కుతో తెంపింది, లావువాటి కింద మట్టి లాగేసింది. పొద్దు వాలేసరికి మోడు ఊగింది. ఎద్దు నాలుగడుగులు వేసింది. తల్లివేరుతో సహా ఊడొచ్చింది.

గోడ కదల్లేదు. పెట్ట దాన్ని ముక్కుతో తట్టి చూసుకుని హమ్మయ్య అనుకుంది. రైతు వచ్చి, ఇదంతా ఎద్దు బలమే అని మురిసి, దాన్ని కొట్టంలోకి తోలి మళ్ళీ కుడితి పెట్టాడు. ఎద్దు కడుపు నిండింది, అంతే చాలనుకుంది పెట్ట.

చీకటి పడుతుండగా నక్క కంచె దూకి, అలవాటు కొద్దీ పొద ఉండే చోట వాలింది. పొద లేదు. నడుందాకా కుడితి బురద.

“వదినా, గోడ జాగ్రత్త...”

“గోడకేం మరిదీ, దిట్టంగా ఉంది. నీ తోక చూసుకో,” అని పెట్ట గొంతెత్తి అరిచింది.

ఆ అరుపు విని రైతు కుక్క రానే వచ్చింది. నక్క బతికి బయటపడింది గానీ, తోక సగం దొడ్డిలోనే ఉండిపోయింది. మళ్ళీ ఆ చాయలకు రాలేదు. ఆ రాత్రి పిల్లలకంటే ముందు నల్లపెట్టే నిద్రపోయింది.

వేరు ముట్టుకోవద్దని చెప్పేవాడి పక్క ఆ పొదలోనే ఉంటుంది.