గడ్డికుప్ప వెనక సాక్షి

చండభూపతి ఏలుబడిలో రాజుకు అనుమానం వచ్చిందంటే తల తెగిందన్నమాటే. ఆ భయం భరించలేక మంత్రి, దళవాయి, కోశాధికారి కలిసి రాజునే చంపాలని గుర్రాలశాలలో గుసగుసలాడుకుంటున్నారు. గడ్డికుప్ప వెనక నడుం వాల్చిన గురవమ్మ చెవిన అదంతా పడింది. గుర్రాలకు గడ్డి కోసుకు బతికే మనిషి. ఊపిరి బిగబట్టింది గానీ తుమ్ము ఆగలేదు.

దళవాయి ఆమెను జుట్టు పట్టి ఈడ్చి కత్తి దూశాడు. గురవమ్మ, "ఆగండి దొరా! నన్నిక్కడ సాక్షిగా కూర్చోబెట్టింది మీ ముగ్గురిలో ఒకరే" అంది.

"ఎవడే వాడు?" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"పేరు చెబితే ఆయన నన్ను బతకనిస్తాడా? నా నోరు మూయించాలని ఎవరికి తొందరగా ఉందో చూసుకోండి, మీకే తెలుస్తుంది."

మిగతా ఇద్దరూ కత్తి వైపు చూశారు. దళవాయి ఉలిక్కిపడి దాన్ని ఒరలో పెట్టేశాడు.

"పోనీయండి, పాపం" అన్నాడు మంత్రి.

"నేనూ అదే అంటున్నా" అన్నాడు కోశాధికారి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

గురవమ్మ గడ్డిమోపు నెత్తికెత్తుకుని, వెనక్కి తిరగకుండా పొలిమేర దాటేసింది.

ముందుగా చెప్పినవాడే బతుకుతాడని ముగ్గురికీ తోచింది. పొద్దు వాలకముందే ఒకరికి తెలియకుండా ఒకరు రాజు దగ్గరికి పరుగెత్తి, మిగతా ఇద్దరూ ద్రోహులని చెప్పారు.

రాజు ముగ్గురి మాటా నమ్మాడు.