బీరయ్య వేసిన చింతపిక్కలు

మన తాతల తాతలు కూడా అనగనగా అంటూ మొదలుపెట్టిన కాలంలో ఒక ఏరు ఉండేది. ఆ ఏటి ఒడ్డున మూడు సీమలు ఉండేవి. ఏరు పుట్టిన చోట అడవంచు. ఏరు పరుగెత్తే చోట మెట్ట. ఏరు నిదానించే చోట పల్లం. అడవంచున వాన కింద వరి పండేది, మెట్టలో చెరువు కింద పండేది, పల్లంలో కాలువ కింద పండేది. ఎక్కడ పండినా దంచితే బియ్యం బియ్యమే.

ఆ దేశపు రాజు ఒక కట్టడి పెట్టాడు. నూర్పిడి కాగానే గింజ ఇంటికి చేరకముందే కళ్ళంలో కొంత పక్కన పొయ్యాలి. దానికి బడి పాలు, అంటే బడి వాటా అని పేరు. రాజుగారి బండ్లు వచ్చి మూడు సీమల బడి పాలూ ఎత్తుకుపోయి ఒకే పెద్ద గాదెలో పోసేవి. వానలు పడే వేళకి మళ్ళీ బండ్లు బయల్దేరి, ఏ బడిలో ఎందరు పిల్లలుంటే అందరికి సరిపడా గింజలు దించేవి. దానితోనే పిల్లలకు మధ్యాహ్నం కూడు, పంతులుకు బత్తెం.

ఎవరెంత పోశారు, ఎవరెంత తిన్నారు అని చాలాకాలం ఎవరూ అడగలేదు. తరవాత అడగటం మొదలైంది. పల్లం వాళ్ళు, పై సీమల పిల్లల్ని మేమే సాకుతున్నాం అన్నారు. మెట్ట వాళ్ళు, మా పాలు మేం పోశాం, మా కూడు మేం తింటున్నాం అన్నారు. అడవంచు వాళ్ళు, మాకు వచ్చేదే చారెడు, అందులో ఎవరిదో ఏం తెలుస్తుంది అన్నారు.

మెట్టలో బీరయ్య అని ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెనక మంద. ఇంతే అతని ఆస్తి. భార్య పోయింది. కొమురమ్మ అని ఒక్క కూతురు. తండ్రి మందతో తిరిగినన్నాళ్ళూ ఆ పిల్ల మేనత్త ఇంట ఉండి ఊరి బడిలో చదువుకునేది. బీరయ్యకు అక్షరం రాదు. కానీ అతనికి ఒక గుణం ఉండేది. ఎవరేం చెప్పినా తల ఊపి, చివర్న ఒకే మాట అడిగేవాడు.

"అన్నారు సరే, చూసినవాళ్ళెవరు?"

మబ్బుల పైన కూడా ఏరు ఉందని ఎవరో అంటే, అన్నారు సరే, చూసినవాళ్ళెవరు అనేవాడు. ఆ మాటకి ఊరంతా నవ్వేది, కొందరు విసుక్కునేవారు.

ఏటా కోతలయ్యాక మెట్ట కాపరులు మందల్ని పల్లానికి తోలుకుపోయేవారు. రాత్రిళ్ళు గొర్రెల్ని చేలో నిలిపితే ఆ పెంట చేనుకు బలం. దానికి బదులు కాపరికి గింజలు కొలిచేవారు. బీరయ్య మంద ఏటా గవర్రాజు చేలో దిగేది. గవర్రాజు ఆ ఊరి పెదకాపు, మిగతా పల్లపు ఊళ్ళన్నీ అతని మాట విని నడిచేవి.

ఆ ఏడు కళ్ళంలో బడి పాలు పోయిస్తూ గవర్రాజు అందరూ వినేలా అన్నాడు. "చూడు బీరయ్యా, బాగా చూసుకో. మీ పిల్లలు దిద్దే అక్షరాలన్నీ ఈ కుప్పలోంచి లేచినవే. వచ్చే ఏడు నుంచి ఉండదు. మా పాలు మా ఊళ్ళోనే ఉంటాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బీరయ్యకు కొమురమ్మ గుర్తొచ్చింది. పల్లం పాలు ఆగితే ఆ బడి ఉంటుందా, పోతుందా? పోతుందేమోనన్న దిగులు ఒక పక్క. అసలు పెదకాపు అన్నది నిజమా అన్న కుతూహలం ఇంకో పక్క. రెండూ కలిసి అతన్ని నిలవనీయలేదు.

"అన్నారు సరే పెదకాపుగారూ, చూసినవాళ్ళెవరు?" అన్నాడు.

"చూడటానికేముందిరా, గింజల మీద ఊరి పేరు రాసి ఉంటుందా?"

"రాసి లేకపోతే గుర్తు పెట్టి చూస్తాను. వచ్చే నూర్పిళ్ళకి వచ్చి ఇదే కళ్ళంలో చెబుతాను. అందాకా ఆపకండి."

గవర్రాజుకు అది వేడుకగా తోచింది. సరే, చూసి రా అన్నాడు.

బీరయ్య గవర్రాజు పెరటి గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు. పెదకాపు తల్లి బుల్లెమ్మ పొయ్యి దగ్గర చింతపిక్కలు వేయిస్తోంది. పళ్ళు సగం ఊడినా ఆవిడకు వేయించిన పిక్కల మీద మోజు పోలేదు. బీరయ్య ఆ పిక్కలు కావాలన్నాడు. ఎందుకురా అంటే చెప్పాడు. పల్లపు కుప్పల్లో వేయించిన నల్ల పిక్కలు వేస్తాడు. మెట్ట కుప్పల్లో ఒక పక్క బండకు అరగదీసిన తెల్ల పిక్కలు వేస్తాడు. అడవంచు కుప్పల్లో ఉన్నవి ఉన్నట్టుగా గోధుమరంగు పిక్కలు వేస్తాడు. ఎక్కడైనా గంపకో పిక్క. తరవాత ఏ బడిలో ఏ రంగు తేలుతుందో చూస్తాడు.

"పల్లపు కుప్పలో పల్లపు ఇంటి పిక్కలే పడాలి గదమ్మా, అందుకని మీ పొయ్యి మీదివే అడుగుతున్నా" అన్నాడు.

బుల్లెమ్మ ఏదో అనబోయి, అతని ముఖం చూసి ఊరుకుంది. మూకుడంతా అతని గొంగట్లో పోసింది.

బీరయ్య దారిలో తగిలిన ప్రతి కళ్ళంలోనూ బడి పాలులో గంపకో పిక్క వేసుకుంటూ పోయాడు. మెట్టలో, అడవంచున నూర్పిళ్ళు ఆలస్యం. అక్కడికీ అందుకున్నాడు. ఏంటి బీరయ్యా, చింతతోపు పెడుతున్నావా అని ఎగతాళి చేశారు. తల ఊపి పోయాడు. బండ్లొచ్చాయి. గింజలు పెద్ద గాదెలో కలిశాయి. వానలొచ్చాయి. గింజలు బడులకు చేరాయి.

బీరయ్య మొదట తన ఊరి బడికే పోయాడు. అతను చెప్పి ఉంచినట్టే వంట మనిషి వడ్లు దంచి చేటలో చెరిగినప్పుడల్లా పిక్కలు ఏరి ఒక చిప్పలో వేసి ఉంచింది. కొమురమ్మ ఆ చిప్ప తెచ్చి తండ్రి ముందు ఒంపింది. నల్లవి గుప్పెళ్ళకు గుప్పెళ్ళు. తెల్లవి కొన్ని. గోధుమరంగువి అక్కడొకటి ఇక్కడొకటి.

"నల్లవి ఎక్కడివి అయ్యా?" అంది పిల్ల.

"పల్లానివి."

"మరి మనం ఎవరిదీ తినడం లేదని అందరూ అంటారుగా?"

"అన్నారు" అన్నాడు బీరయ్య. తరవాతి మాట అతని నోటికి రాలేదు. చూసినవాడు ఇప్పుడు తనే.

అక్కణ్ణించి అడవంచు బడికి పోయాడు. అక్కడా అంతే. పల్లపు బడికి పోయాడు. అక్కడా నలుపే ఎక్కువ గానీ, నలుపు మధ్య తెలుపూ మెరిసింది, గోధుమరంగూ కనిపించింది. పెద్ద గాదెలో కలిసిన గింజ కలిసినట్టే పంచారు. పల్లపు పిల్లలు మెట్ట బియ్యం తిన్నారు, అడవంచు బియ్యమూ తిన్నారు. ఆ సంగతి వాళ్ళకూ తెలీదు. ఆ బడి పంతులు పిక్కలు ఏరిస్తూ బీరయ్యను పలకరించాడు. మాట యాస విని బీరయ్య ఏ ఊరు బాబూ అని అడిగాడు. బీరయ్యకు పక్క ఊరే, మెట్టే. అక్కడి బడిలో చదువుకుని ఇక్కడికి వచ్చాడట. పల్లంలో పిల్లలు కాస్త ఎదగ్గానే చేలోకి దిగుతారు, చదువు చెప్పేవాళ్ళు పై నుంచే రావాలి అన్నాడు పంతులు.

మూడు బడుల పిక్కలూ మూడు మూటలయ్యాయి. నూర్పిళ్ళు దగ్గరపడ్డాయి. మెట్ట పెద్దలు బీరయ్యను పిలిచి నయాన చెప్పారు, భయాన చెప్పారు, బతిమాలి చెప్పారు. ఆ మూటలు చెరువులో పడెయ్. తెలుపే ఎక్కువ తేలిందని చెప్పు. నీ కూతురు చదువు నువ్వే ఆర్పుకుంటావా అన్నారు.

ఆ మాట తగిలింది. బీరయ్య చెరువు దాకా పోయాడు. మూట విప్పాడు. ఒక నల్ల పిక్క తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. దీన్ని అబద్ధం చేస్తే, ఏడాదంతా తను తిరిగిన తిరుగుడు ఏమిటి? కొమురమ్మ మళ్ళీ అడిగితే నల్లవి ఎక్కడివని చెప్పాలి? మూట కట్టేసి పల్లం దారి పట్టాడు.

గవర్రాజు కళ్ళంలో జనం చేరారు. బీరయ్య మూడు మూటలూ విప్పి మూడు కుప్పలు పోశాడు.

"నేను చూశాను" అన్నాడు. "పల్లం ఎక్కువ పోసింది, తక్కువ తిన్నది. మెట్ట తక్కువ పోసింది, ఎక్కువ తిన్నది. అడవంచు ఇంకా తక్కువ పోసింది. పెదకాపుగారు అన్నది నిజం."

మెట్ట కాపరులు తలలు వంచుకున్నారు. పల్లం వాళ్ళు గవర్రాజు వైపు చూశారు. అతను మీసం దువ్వి, విన్నారుగా, ఇక ఎవరిది వాళ్ళు తినడమే న్యాయం అన్నాడు.

వెనక గడ్డివామికి ఆనుకుని కూర్చున్న బుల్లెమ్మ లేచింది. "న్యాయమే అబ్బాయ్. పై సీమలది మనకొద్దు. మన ఇంట్లోనే మొదలుపెడదాం. ఓ మూడు రోజులు చూసి, అప్పుడు పాలు ఆపుదువుగాని."

తల్లి మాట అందరి ముందు కాదనలేక గవర్రాజు సరేనన్నాడు.

మొదటి రోజు బుల్లెమ్మ అన్నంలోకి పులుసు వడ్డించింది. గవర్రాజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పులుపేదే అమ్మా అన్నాడు. "మన ఊళ్ళో చింతచెట్టు ఎక్కడుందిరా?" అంది బుల్లెమ్మ. "పండు ఏటా మెట్ట నుంచే దిగుతుంది. ఆ పిచ్చివాడు పల్లపు పిక్కలని నా దగ్గర పట్టుకుపోయినవి కూడా వాళ్ళ చెట్టువే. నల్లగా వేయించింది నేను, అంతే." గవర్రాజు ఆ చప్పటి పులుసుతోనే తిన్నాడు.

రెండో రోజు పొద్దున్నే ఆవిడే చేలోకి పోయి బీరయ్య మందను లేపించింది. మెట్ట గడ్డి తిన్న గొర్రెల పెంట మనకెందుకు అంది. మంద గట్టెక్కిందో లేదో, పక్క చేను రైతు పరుగున వచ్చి, మాకలాంటి పట్టింపులేం లేవు బీరయ్యా, మా చేలో దించు అన్నాడు. గవర్రాజు గట్టు మీద నిలబడి, పక్కవాడి చేలో దిగిన గొర్రెల్ని చూస్తూ పళ్ళు నూరుకున్నాడు.

మూడో రోజు బడి వైపు నుంచి పిల్లల వల్లెవేత వినబడలేదు. గవర్రాజు ఏమిటా అని వీధిలోకి వస్తే గుమ్మం ముందు పంతులు చిన్న మూటతో నిలబడి ఉన్నాడు.

"సెలవు పుచ్చుకుంటాను పెదకాపుగారూ. నేను మెట్టవాణ్ణి. నేర్చిన అక్షరాలేమో మీ గింజలు తిని నేర్చినవి. ఏవి మీవో ఏవి నావో తేల్చి చెబితే, మీవి మీకిచ్చి నావి నేను పట్టుకుపోతాను."

గవర్రాజు పంతుల్ని ఆగమన్నాడు. తరవాత బీరయ్యకు కబురు పంపాడు. అతను రాగానే అడిగాడు. "ఏం బీరయ్యా, అయితే ఇన్నాళ్ళూ నేనిచ్చింది ఏమీ లేదంటావా?"

"లేదనను" అన్నాడు బీరయ్య. "మీరే ఎక్కువ పోశారు. పులుసు చప్పబడితే అది అబద్ధమైపోదు. ఆ గింజ ముందుకు ఎటు పోయిందో చూశాను. వెనక్కి ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామంటే మాత్రం నాకు అంతు చిక్కడం లేదు."

గవర్రాజు అరుగు మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఇన్నేళ్ళు పోశాం బీరయ్యా. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మీరు పోశారు అనలేదు. నాకు ఆ మాట వినాలని ఉండేది."

"అదెంత పని" అన్నాడు బీరయ్య. "ఏటా వచ్చి నేనంటాను."

బడి పాలు ఆగలేదు. పంతులు మూట విప్పుకున్నాడు. బీరయ్య మంద తిరిగి పెదకాపు చేలో దిగింది. ఆ ఏడాది నుంచి కళ్ళంలో పాలు పోసినప్పుడల్లా బీరయ్య పిక్క వేసి, వానాకాలం బడి బడికీ పోయి చూసి, చూసింది చూసినట్టు మూడు సీమల్లోనూ చెప్పేవాడు. ఒక ఏడు కాలువ తెగి పల్లం మునిగింది. ఆ ఏడు పల్లపు బడి చిప్పలో తెలుపే ఎక్కువ తేలింది. ఆ మాటా అదే కళ్ళంలో నిలబడి అదే గొంతుతో చెప్పాడు. గవర్రాజు తల ఊపి విన్నాడు.

కొమురమ్మ పెద్దదై పంతులమ్మ అయింది. ఏ సీమ బడిలో అంటే మూడు సీమల వాళ్ళూ మా బడిలోనే అంటారు.

బీరయ్య మందతో పోతూ పోతూ, మెట్ట దిగి పల్లం మొదలయ్యే చోట దారిలోనే కన్నుమూశాడు. మనుషులు వచ్చేదాకా గొర్రెలు చుట్టూ నిలబడి ఉన్నాయట. అతన్ని అక్కడే పూడ్చారు. మూడు సీమల వాళ్ళూ గుప్పెడేసి పిక్కలు తెచ్చి ఆ మట్టిలో వేశారు. పల్లం వాళ్ళు అలవాటు చొప్పున వేయించినవి తెచ్చారు. వానలు పడ్డాక తెల్లవి మొలిచాయి, గోధుమరంగువి మొలిచాయి, నల్లవి మొలవలేదు. ముసలి గవర్రాజు కర్ర పట్టుకుని మెట్ట ఎక్కి, పచ్చి పిక్కలు అడిగి తెచ్చి, తన చేత్తో నాటాడు. ఇప్పుడక్కడ తోపు ఉంది. ఏ చెట్టు ఎవరిదో ఎవరికీ తెలీదు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున పిల్లల్ని మొదటిసారి బడికి పంపేటప్పుడు చేతిలో ఒక చింతపిక్క పెడతారు. పిల్ల దాన్ని బడి గింజల్లో వేసి లోపలికి పోతుంది. ఎవరికైనా అది కూట్లో దొరికితే ఎవరిదని అడగరు. బీరయ్య చూశాడు అని పక్కన పెట్టి తింటారు. మేం పెడుతున్నాం, వాళ్ళు తింటున్నారు అని ఎక్కడైనా ఇద్దరు తగాదా పడితే మూడోవాడు ఒకే మాట అంటాడు.

"పిక్క వేసి చూశావా?"

కథ వచ్చిన దారినే ఏటి వెంట పోయింది. మీ దోసిట్లో ఏ రంగు పిక్క మిగిలిందో చూసుకోండి.