పది నిలువుల బావి, మూరన్నర చెలమ

ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. ఏలేవాడనడం కంటే కొలిచేవాడనడం సబబు. తన కోటగుమ్మం పక్క రాజు గుమ్మం కంటే జానెడైనా ఎత్తుండాలి. తన పల్లకి మోసే బోయీలు పక్క రాజు బోయీల కంటే ఇద్దరైనా ఎక్కువుండాలి. తుమ్మినా, ఆ తుమ్ము ఎన్ని గదుల అవతలికి వినబడిందో కనుక్కుని మరీ రాయించుకునేవాడు.

ఒక వేసవిలో ఆయనకి ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. సముద్రపు గాలి తగిలితే తగ్గుతుందన్నారు వైద్యులు. గవ్వలరేవు అనే జాలరిపల్లె పక్కన డేరాలు లేచాయి. పరివారం, వంటవాళ్ళు, రెండు ఏనుగులు, ఆస్థాన జలపండితుడు అగాధభట్టు, అందరూ దిగారు. తాగునీళ్ళు కూడా రాజధాని నుంచి బళ్ళకెత్తి తెచ్చారు. ఆరో రోజుకి ఆ నీళ్ళు పాచికంపు కొట్టాయి. వాటితో వండిన పరమాన్నం ఏనుగులకి పెడితే అవి తొండం తిప్పుకున్నాయి.

"ఈ తీరాన మంచి తిండి, మంచి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?" అని రాజుగారు భటుల్ని అడిగాడు.

భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు రోజులుగా వాళ్ళు రాజుగారి వంట వదిలేసి చాటుగా వెళ్ళి తింటున్న చోటు ఒకటుంది. అది అసిరమ్మ పూటకూళ్ళ పాక.

అసిరమ్మ మొగుణ్ణి ఓ తుఫాను పొట్టన పెట్టుకుంది. అప్పటినుంచి ఆ పాకే ఆవిడకి మొగుడూ, బిడ్డా, పొలమూ. పడవల వాళ్ళు, దారినపోయే బాటసారులు అక్కడ ఆగి ఇంత అన్నం, నెత్తళ్ళ చేపల పులుసు తిని, చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళేవారు. ఆ నీళ్ళ కోసమే అన్నం తినేవాళ్ళూ ఉండేవారు.

రాజుగారు పల్లకిలో వచ్చాడు. రెండుసార్లు పులుసు వేయించుకున్నాడు. మూడు చెంబుల నీళ్ళు తాగాడు. చెమటకాయల మంట సగం అక్కడే చల్లారినట్టనిపించింది.

"ఏ బావి నీళ్ళివి?" అన్నాడు.

"బావేటి బాబూ? చెలమ. ఆ ఇసకలో మూరన్నర తవ్వితే ఊరతాది," అని అసిరమ్మ పాక వెనక గుంట చూపించింది. అందులో కొబ్బరి చిప్ప ఒకటి తేలుతోంది.

రాజుగారి మొహం ముడుచుకుంది. మూరన్నర! కుక్క గోకినా పడేంత గుంట. అందులో నీళ్ళు తాగాడని పక్క రాజుకి తెలిస్తే?

అగాధభట్టు అది కనిపెట్టాడు. శాలువా సర్దుకుని ముందుకొచ్చాడు. "ప్రభూ, మూరన్నర లోతులోనే ఇంత తీపి ఉంటే, పది నిలువుల లోతులో ఎంతుండాలి!"

రాజుగారి మొహం విప్పారింది.

"వద్దు బాబూ!" అని అసిరమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "పైనున్నది వాననీరు. దాని కిందన సముద్రమే. మా అత్త, అత్తకి అత్త, అందరూ మూరన్నర కాడే ఆగిపోయారు."

"మీ అత్త ఏం శాస్త్రం చదివిందే?" అన్నాడు భట్టు.

"నలభయ్యేళ్ళు నీళ్ళు మోసింది. తమరెన్ని కడవలు మోసారు పంతులుగారూ?"

వెనక భటుడొకడు కిసుక్కుమని నవ్వి, ఆ నవ్వుని దగ్గు చేసుకున్నాడు. భట్టు చెవులు ఎర్రబడ్డాయి. ఆ దగ్గు ఆయనకి గుర్తుండిపోయింది.

మర్నాటినుంచే తవ్వకం. సరిగ్గా చెలమలున్న చోటే. వందమంది పలుగులు పట్టారు. రాతిమెట్లు వేశారు. 'ప్రచండకూపం' అని చెక్కిన రాయి నిలబెట్టారు. పైగా ఓ దండోరా: ఏలినవారి బావి ఉండగా ఈ రేవులో ఎవరు చెలమ తవ్వినా, చెలమ నీళ్ళు తాగినా రాజుని అవమానించినట్టే.

ఇరవయ్యో రోజున బూరాలూదారు. రాజుగారు బంగారు గిన్నెతో మొదటి గుక్క తాగాడు. రెండో గుక్క లేదు. మొదటిదే భట్టుగారి శాలువా మీద పడింది. ఉప్పు! ఊరగాయ జాడీలో నోరు పెట్టినంత ఉప్పు.

భట్టు శాలువా తుడుచుకుంటూనే ఆలోచించాడు. "ప్రభూ, ఇది కుట్ర! ఈ ఊళ్ళో ఉప్పుచేపలు ఎండబెట్టే ఆడది, వద్దు వద్దని అడ్డొచ్చిన ఆడది ఎవరు? రాత్రికి రాత్రి బావిలో ఉప్పు పోసింది!"

"బాబూ, పది నిలువుల బావిని ఉప్పు చెయ్యగలిగేటంత ఉప్పు నా కాడుంటే ఈ పొయ్యి ఊదుకుంటూ కూకుంటానా?" అంది అసిరమ్మ. ఎవరూ వినలేదు. ఐదు రోజుల్లో బావి నీళ్ళు తియ్యనవ్వాలి. లేకపోతే పాక పీకేసి, ఆమెను రేవు దాటించేస్తారు. అదీ తీర్పు.

అసిరమ్మకి కోపం వచ్చింది. అరిచి తీర్చుకునే కోపమైతే ఆ పూటకే పోయేది. ఇది పొద్దున్న లేస్తే ముందే లేచి గుమ్మంలో కూర్చునే రకం. పొయ్యి చూస్తే కోపం, అందులో బూడిద చల్లగా ఉంది కాబట్టి. కుండ చూస్తే కోపం, బోర్లించి ఉంది కాబట్టి. ఊళ్ళో ఆడవాళ్ళు రెండు కోసుల అవతల ఏటికి పోయి కడవలు మోసుకొస్తున్నారు. ఇసకలో వాళ్ళ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కాళ్ళ కిందే ఊరే నీళ్ళ కోసం కాళ్ళు కాల్చుకుంటున్నారు! బాటసారులు పాక దాకా వచ్చి, "నీళ్ళు లేవా అమ్మా?" అని వెళ్ళిపోతున్నారు.

"పోనీ, రాజుగారి కాళ్ళమీద పడవే," అంది పక్కింటి పోలమ్మ. ఆమెకి ఏడో నెల. అప్పుడే కడవ దించింది.

"పడితే? నా కన్నీళ్ళతోటి బావి తియ్యనవుతాదేటి? అవీ ఉప్పే!"

నాలుగో రోజు సాయంత్రం అసిరమ్మ కొంగు బిగించి డేరాల వైపు నడిచింది. నాలుగు మాటలు అనేసి, తర్వాత పాకతోబాటు తననీ పీకేసినా సరే అనుకుంది. తీరా వెళ్తే రాజుగారు ఒడ్డున సింహాసనం వేయించుకుని కూర్చున్నాడు. కాళ్ళ దగ్గరికి అల వచ్చినప్పుడల్లా పక్కనున్నవాడు, "సముద్రుడు పాదాభివందనం చేస్తున్నాడు ప్రభూ!" అంటున్నాడు. రాజుగారు గంభీరంగా, "ఊఁ. చాలు. లెమ్మనండి," అంటున్నాడు. అల వెనక్కి పోతోంది. రాజుగారు తృప్తిగా మీసం దువ్వుకుంటున్నాడు.

అసిరమ్మ అక్కడే నిలబడిపోయింది. గొంతుదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. నాలుగు అలలు లెక్కపెట్టి ఇంటికి వచ్చేసింది.

ఐదో రోజు బావి దగ్గర సభ. పాక పీకడానికి మోకులు కూడా తెచ్చుకున్నారు. అసిరమ్మ వంగి దణ్ణం పెట్టింది. పెడుతుంటే పళ్ళు కరకరలాడాయి గాని, ఆ చప్పుడు ఆవిడకే వినబడింది.

"బాబూ, ఉప్పు ఎవరు తెచ్చారో తెలిసింది. తప్పు నాది కాదు, పంతులుగారిదీ కాదు. తమరి గొప్పతనానిది."

"నా గొప్పతనానిదా?" రాజుగారు ముందుకి వంగాడు.

"అవును బాబూ. అంత లోతు బావి తవ్విన రాజు ఇంతవరకూ లేడు. ఆ మాట తెలిసి, సముద్రుడే తమరి దర్శనానికని బావిలోకొచ్చి కూకున్నాడు. ఏలినవారి దగ్గరికి ఉత్తచేతుల్తో వస్తాడేటి? తనకున్నది ఉప్పు. అదే కానుకగా పట్టుకొచ్చాడు."

రాజుగారి కళ్ళు మెరిశాయి. పక్క రాజు బావిలోకి ఎప్పుడైనా సముద్రుడు వచ్చాడా?

అగాధభట్టుకి ఒళ్ళు మండింది. "ప్రభూ, ఇది ఏ శాస్త్రంలోనూ..."

"అయితే తమ కోసం సముద్రుడు రాడంటారు పంతులుగారు," అంది అసిరమ్మ రాజుగారి వైపే చూస్తూ.

రాజుగారు మెల్లగా తల తిప్పాడు. భట్టు మింగలేక కక్కలేక, "రాకేం ప్రభూ! నేనూ అదే మనవి చెయ్యబోతున్నాను," అన్నాడు.

"మరి వెళ్ళేదెప్పుడు?" అన్నాడు రాజుగారు.

"తలుపు తెరిచుంటే చుట్టం లేస్తాడా బాబూ? సెలవిచ్చినట్టు తలుపు మూసెయ్యాలి. ఇసకతో బావి నింపించండి. ఆయన పరివారం పెద్దది కదా, పోవడానికి రెండు వానలు పట్టుద్ది. అంతవరకూ ఆయనకి అడ్డు లేకుండా ఊరోళ్ళు ఆ దూరం దిబ్బలో చెలమలు తవ్వుకుంటారు. మొదటి తట్ట ఆస్థాన పండితులే ఎత్తాలి. అంత పెద్దాయన్ని సాగనంపేది మరి!"

ఆ విధంగా రాజుగారి ఆజ్ఞతో, రాజుగారి వందమందీ, రాజుగారి బావిని పూడ్చారు. మొదటి తట్ట నెత్తినెట్టుకున్న భట్టుగారి మెడ ఆనాటినుంచి పక్కకే ఉండిపోయింది. ఆ సాయంత్రమే పోలమ్మ దిబ్బలో చెలమ తవ్వుకుని కడుపారా తాగింది.

తొలకరి దిగింది. రెండు పెద్ద వానలు పడ్డాయి. అసిరమ్మ రాజుగారిని పిలిచి, పూడ్చిన బావి మీద కూర్చుని, కొబ్బరి చిప్పతో మూరన్నర తవ్వింది. నీళ్ళు మెల్లగా ఊరాయి, తేటబడ్డాయి. రాజుగారు చిప్ప ఎత్తి తాగాడు. అచ్చం మొదటి రోజు తాగిన నీళ్ళే.

"సముద్రుడు వెళ్ళిపోయాడన్నమాట! నా సెలవు అందింది," అన్నాడు గర్వంగా.

అక్కడితో ఊరుకుంటే అసిరమ్మకి ఏ గొడవా లేదు. పాక నిలిచింది, నీళ్ళు ఊరాయి. కాని ముప్ఫై రోజుల కోపం ఊరుకోనివ్వలేదు.

"ఆయన ఎక్కడికీ ఎల్లలేదు బాబూ. ఎప్పుడూ ఉన్నచోటే కిందన ఉన్నాడు. తమరే ఆయన నెత్తిన కన్నం పెట్టారు. మూరన్నర దాటొద్దని మొదటి రోజే సెప్పాను. నిజం సెప్తే తమకి వినబడలేదు, పొగిడితే వినబడింది. అందుకే పొగిడాను. ఏడు నెలల కడుపుతోటి ఒకర్తి రెండు కోసులు నీళ్ళు మోసింది. ఏ శాస్త్రం మోసింది ఆ కడవ?"

భటుడొకడి చెయ్యి కత్తి మీదికి పోయింది. రాజుగారు చిప్ప వంక చూశాడు. ఇసక వంక చూశాడు. మెడ పక్కకి వాలిన అగాధభట్టు వంక చూశాడు. ముందు రాజుగారి మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది.

"నా బావిని నా చేతే పూడ్పించావు! అదీ నాకు సన్మానమని నమ్మించి!" అని పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి సభంతా నవ్వింది. భట్టు కూడా నవ్వాడు, మెడ నొప్పితో. అసిరమ్మ నవ్వలేదు.

రాజుగారు చేతి కంకణం తీసి ఇచ్చాడు. ఆవిడ పుచ్చుకుని కొంగున ముడేసుకుంది. "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఓ శాసనం బాబూ. ఈ రేవులో మూరన్నర దాటి ఎవరూ తవ్వకూడదని ఆ రాతి మీద చెక్కించండి."

"తప్పకుండా. మరి ఆ శాసనం నాకూ వర్తిస్తుందా?"

"తమకోసమే బాబూ. మిగతావోళ్ళకి రాతి మీద రాయక్కర్లేదు."

రాజుగారికి మళ్ళీ నవ్వొచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా, కళ్ళ నీళ్ళు వచ్చేలా. కడుపు పట్టుకుని చెలమ పక్కనే చతికిలబడ్డాడు. అసిరమ్మ కుండ చంకనెట్టుకుని కాసేపు చూసింది. పాకలో పొయ్యి అప్పటికే రాజేసి వచ్చింది, పడవలు ఒడ్డెక్కే వేళయింది.

"నవ్వింది చాలుగాని కాస్త జరగండి బాబూ. ఎసట్లోకి నీళ్ళు ముంచుకోవాలి."

రాజుగారు జరిగాడు.