వేడెక్కని కుండ

పరాంకుశం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పకుండా "మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటావు?" అని ఎదురు అడిగేవారు. విజయవాడలో ఆదివారాలు ఆయన దగ్గర కూర్చునేవాళ్ళలో చాలామంది ఈ భయానికే ప్రశ్నలు మానేశారు. ఇల్లు సర్దుకోవడం కన్నా సందేహంతో బతకడం సులువు మరి.

నీలవేణి మాత్రం ఉండబట్టలేక అడిగింది. "గురువు గారూ, ఈ నగరంలో ఉంటూనే భూమికి బరువు కాకుండా బతకాలని చూస్తున్నాను. ఎవరికీ ద్రోహం చెయ్యలేదు. మరి నాకెందుకండీ ఈ ఒంటరితనం?" మర్నాడు సాయంత్రమే ఆయన చేతికర్ర పట్టుకుని ఆమె ఫ్లాటుకు వచ్చారు.

నీలవేణి పెళ్ళి చేసుకోలేదు. బ్యాంకులో ఉద్యోగం. ఆ ఇంట్లో ఏసీ లేదు, ప్లాస్టిక్ డబ్బా మచ్చుకైనా కనబడదు. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోతాయి. గుడ్డసంచీ, స్టీలు గిన్నె లేకుండా ఆమె గడప దాటదు. ఇవన్నీ మంచి పనులే, కాదనేవాళ్ళు లేరు. వచ్చిన చిక్కల్లా, ఎదుటివాళ్ళ చేతిలో ప్లాస్టిక్ సంచీ కనబడితే ఆమె ఊరుకోలేదు. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పేది. ఆ పాఠానికి జడిసి, నడిచి ఎక్కేవాళ్ళు కూడా లిఫ్టు ఎక్కడం మొదలుపెట్టారు. ఆ అపార్టుమెంటులో కరెంటు ఖర్చు ఆమె పుణ్యాన పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఒక శ్రావణ శుక్రవారం ఎదురింటి సామ్రాజ్యం గారు ఆమెను పేరంటానికి పిలిచారు. పసుపు కుంకుమలు, పళ్ళు, నానబెట్టిన శనగలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతికిచ్చారు. "ఈ కవరు నేను ముట్టనండీ" అని నీలవేణి దాన్ని అలాగే ఆవిడ చేతిలో పెట్టేసి వచ్చింది. తను తిప్పి ఇచ్చింది కవరే అనుకుంది. వచ్చిన పేరంటాళ్ళకి కనబడింది తాంబూలం. ఆ తరవాత ఆమెను పిలిచిన గడప లేదు. పండగపూట ఎదురింట్లోంచి నవ్వులు వినిపిస్తుంటే, తలుపు గడియ పెట్టుకుని మొక్కలతో మాట్లాడుకునేది. మనుషుల కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఇదంతా చెప్పి, గురువు గారిని బాల్కనీలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఆమె ఎరువు చేసే మట్టికుండ ఉంది. వాసన వస్తోందని ఎవరూ అనకుండా మూత బిగించి, పైన రాయి పెట్టింది. రాయి దించి మూత తీసింది. ఆయన లోపల చెయ్యి పెట్టి చూశారు.

"చల్లగా ఉందేమిటమ్మా?"

"ఎన్నాళ్ళయినా అంతేనండీ. వేసింది వేసినట్టే ఉంటుంది. నేనొక్కదాన్ని, నా వంటకి ఎన్ని తొక్కలు వస్తాయి? కుండ నిండితేగానీ వేడి పుట్టదు, వేడి పుడితేగానీ ఎరువు కాదు."

ఆయన చెయ్యి తుడుచుకున్నారు. "ఎదురింట్లో ఏం వండుతున్నారో కనుక్కో. తొక్కలుంటే అడిగి పట్టుకురా."

"ఆవిడ నా ముఖం కూడా చూడరండీ."

"నువ్వు వెళ్ళేది తొక్కల కోసం కదా" అన్నారాయన.

నీలవేణి వెళ్ళి ఎదురింటి బెల్లు కొట్టింది. తలుపు తీసిన సామ్రాజ్యం గారి చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ ఉంది.

"ఏంటండీ?"

తడిచెత్త గురించి అందరికీ అప్పజెప్పే పాఠం ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. "మీ కూరల తొక్కలు ఇస్తారా? నా కుండ నిండడం లేదు" అంది.

సామ్రాజ్యం గారు ఆమెను ఎగాదిగా చూశారు. "పసుపు కుంకుమ తిప్పి ఇచ్చిన చేత్తో మా చెత్త పట్టుకెళ్తారా?"

"ఆ రోజు నేను కవరే చూశానండీ, మీరిచ్చింది చూడలేదు." అంటుంటేనే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఇక రారేమో అనుకుని నీలవేణి వెనుదిరగబోయింది. ఇంతలో ఆవిడ చేటలో బీరచెక్కు, వంకాయ తొడిమలు, అరటితొక్కలు వేసుకుని వచ్చారు.

"గిన్నె తెచ్చుకోలేదే?"

గిన్నె లేకుండా గడప దాటని మనిషి తన చేతులవంక చూసుకుంది. ఉత్త చేతులు. ఒక్క క్షణం ఆలోచించి, తాంబూలం అందుకునేవాళ్ళు పట్టినట్టు రెండు చేతులా కొంగు పట్టింది.

"అయ్యో, మరకలవుతాయండీ, ఉతికిన చీర!" అంటూనే సామ్రాజ్యం గారు చేట వంచారు. కొంచెం ఆగి, "ఇంతకీ ఆ కుండ ఏదో నేనూ చూస్తాను, పదండి" అని చేటతోనే వెనకాల వచ్చారు. రెండిళ్ళ తలుపులూ తెరిచే ఉన్నాయి.

కొంగులోవన్నీ కుండలో పోశాక, నీలవేణి అలవాటుకొద్దీ మూత అందుకుంది. గురువు గారు చేతికర్ర అడ్డం పెట్టారు.

"అప్పుడే బిగించకమ్మా. వేడి పుట్టాలంటే గాలి కూడా ఆడాలి."