కేకలు అమ్మిన రాజు

ఎండ తక్కువ, మంచు ఎక్కువ అయిన ఒకానొక రాజ్యంలో తెల్లేరు అని ఒక నది ఉండేది. చలికాలం మొదలైందంటే ఆ నది మీద ఒక పడవ కొసన కూర్చున్నవాడికి రెండో కొసన కూర్చున్నవాడు కనబడడు. మరి పడవలు రేవుకి ఎలా చేరేవంటారా? కేకల మీద! రేవులో ఒక మనిషి నిలబడి "హో...య్" అని కేక వేస్తే, పడవవాడు ఆ కేకని పట్టుకుని వచ్చేవాడు.

ఆ రాజ్యాన్ని ఏలే ఉద్దండవర్మకి లెక్క ప్రకారం ఉండటమంటే మహా ఇష్టం. చివరికి శబ్దాలు కూడా పంచిపెట్టేశాడు. నగారా రాజుగారిది. శంఖం కోవెలది. కొమ్ముబూర దూరదేశాల వర్తకులది, దానికి వాళ్ళు ఏటా పన్ను కట్టాలి. ఒకరిది ఇంకొకరు ముట్టుకుంటే కొరడా దెబ్బలే.

ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయింది నోటి కేక ఒక్కటే. అది ఎంత దూరం పోతుంది గనక! దాన్ని అందరూ వాడుకునేవాళ్ళు. చేపల పడవలు ఒడ్డుకి రాకముందే ధర కేకేసి చెప్పేవి, ఆడవాళ్ళు గంపలతో సిద్ధంగా ఉండేవాళ్ళు. మజ్జిగమ్మేవాళ్ళకో కేక, మంత్రసానిని పిలవడానికో కేక. ఎవరినీ అడక్కుండా, ఎవరికి తోచింది వాళ్ళు కనిపెట్టుకున్నారు. గొడవలు రాలేదా అంటే రాలేదు. ముందు చెవి పెట్టి వినడం, ఇంకొకరు కేకేస్తుంటే ఆగడం, అవసరమైనంత మేరకే గొంతెత్తడం... ఇదీ రేవు మర్యాద.

ఒకరోజు మంత్రి గుండప్ప కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! మన రాజ్యంలో ఖజానాకి ఒక్క దమ్మిడీ తేని శబ్దం ఒకటుంది."

"తేనిది ఎందుకుంది?" అని గద్దించాడు రాజు.

"అదే ప్రభూ, నోటి కేక. ఉత్తినే గాలిలో పోతోంది. కోటిలింగం శెట్టి వెయ్యి వరహాలిచ్చి మొత్తం కొంటానంటున్నాడు. ఆపైన కేకలు వేయదలిచినవాళ్ళు శెట్టి దగ్గర చీటీ కొనుక్కుంటారు."

"భేష్! ధర లేనిదానికి విలువేముంటుంది? ఎల్లుండి పత్రం మీద ముద్ర వేస్తాను" అన్నాడు రాజు.

కొలువులో బంగారయ్య అనే మాటకారి ఉండేవాడు. పడవవాళ్ళ ఇంట్లో పుట్టి, నోటి చలవతో రాజుగారి పక్కకి చేరినవాడు. ఆ మాట చెవిన పడగానే అతనికి అక్క గుర్తొచ్చింది. అతని అక్క నూకాలు రేవులో కేకలు వేసే మనిషి. పడవకి గుప్పెడు బియ్యమో నాలుగు చేపలో ఇస్తే వాటితో బతుకుతోంది. అతను పరుగున రేవుకి పోయేసరికి వార్త ముందే చేరిపోయింది, ఆమె అప్పుడే సామాను మూటగడుతోంది.

"నువ్వేం చేస్తున్నావక్కా?"

"కనబడ్డం లేదట్రా? చీటీ కొనే తాహతు నాకు లేదు, ఇక్కడెవరికీ లేదు. ముద్ర పడిన పూటే ఇరవై ఇళ్ళవాళ్ళం దిగువ దేశం పోతున్నాం. నువ్వు మాత్రం సుఖంగా ఉండు నాయనా, నీకు కొలువుంది కదా!" అంది నూకాలు. అనేసి మొహం తిప్పుకుంది.

ఆ మాట బంగారయ్యకి ముల్లులా దిగింది. ఇంటికి పోతే కూర్చోలేడు, కూర్చుంటే లేవకుండా ఉండలేడు. అన్నం ముందు పెడితే ఒక ముద్ద కలిపి, దాన్ని అక్కడే వదిలి వీధిలోకి, వీధిలోంచి పెరట్లోకి తిరిగాడు. తెల్లారగానే రాజు ముందు వాలాడు.

"మహారాజా, చిన్న సందేహం. ఇల్లు అమ్మితే ముందు ఖాళీ చేసి చూపించాలి కదా? కేకలూ అంతే. ఒక్కరోజు రాజ్యమంతా నోరు మూయించి, ఆ నిశ్శబ్దాన్ని తమరు స్వయంగా చెవులారా విని, అప్పుడు శెట్టిగారికి అప్పగిస్తే ఎంత హుందాగా ఉంటుంది!"

"నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు రాజు. పాపం, అనుకోలేదు. "రేపు ఎవరూ కేక వెయ్యకూడదు. వేస్తే కొరడా! నేను అవతలి ఒడ్డు దాకా వెళ్ళి వింటూ వస్తాను."

మర్నాడు పడవలో రాజు, మంత్రి, బంగారయ్య, తెడ్డు వేసే మనిషి. నది మీద చీమ చిటుక్కుమన్నా వినబడేటట్టుంది. రాజు మీసం దువ్వుతూ, "ఆహా! చూశావా మంత్రీ, ఆజ్ఞంటే ఇలా ఉండాలి" అని మురిసిపోయాడు. వెళ్ళేటప్పుడు మంచు పలచగా ఉంది, అవతలి ఒడ్డుకి బాగానే చేరారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మంచు ముద్దలా దిగింది.

తెడ్డు మనిషి ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. జాము గడిచింది. రేవు జాడ లేదు.

"ఇంకా ఎంతసేపురా? ఆకలేస్తోంది!"

"ఏ పక్కకి పోతున్నామో తెలీడం లేదు బాబయ్యా. ఒడ్డు నుంచి ఎవరూ పలకడం లేదు."

"శంఖం ఊదండి!" అన్నాడు మంత్రి.

రాజుగారి ప్రయాణమని కోవెలవాళ్ళు ఇచ్చి పంపిన శంఖం ఊదారు. కొండలన్నీ మోగాయి. రేవు కోవెలలోని శంఖం బదులు పలికింది. అది ముందు నుంచీ వినబడింది, వెనక నుంచీ వినబడింది. అంత పెద్ద శబ్దం వచ్చింది కానీ, రేవు ఎటుందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

అప్పుడు వినబడింది ఇంకో చప్పుడు. దిగువన నది బండల మీద నుంచి దూకే హోరు. తెడ్డు మనిషి మొహం పాలిపోయింది. బంగారయ్య రాజుగారిని కాస్త తిప్పలు పెడదామనుకున్నాడు కానీ ఇంత మంచు పడుతుందని, పడవ ఇంత కిందికి జారుతుందని అనుకున్నాడా? 'ఓరి దేవుడా, నా తెలివి మా అందరి పీకల మీదికి తెచ్చిందే' అనుకున్నాడు. అయినా పైకి తేలనివ్వలేదు.

రాజు లేచి నిలబడి, "ఎవరక్కడ!" అని అరిచాడు.

జవాబు లేదు.

"ఎవరక్కడా! ఒక్క కేక వేయండి! ఈ ముత్యాల హారం ఇస్తాను!"

"ప్రభూ, ఆ హారం ఖరీదెంత?" అని అడిగాడు బంగారయ్య.

"అయిదువేల వరహాలు! ఇదేనా అడిగే సమయం?"

"మంత్రిగారూ, గుర్తుంచుకోండి. ఒక్క కేక అయిదువేలు. రాజ్యంలో కేకలన్నీ కలిపి శెట్టిగారికి వెయ్యికి ఇస్తున్నాం."

మంత్రి నీళ్ళలోకి చూశాడు. హోరు ఇంకాస్త దగ్గరైంది.

"ఇప్పుడేం చెయ్యమంటావు బంగారయ్యా?" అన్నాడు రాజు. గొంతులో దర్పం లేదు.

"నోళ్ళు మూయించింది తమరు. తెరిపించాల్సిందీ తమరే. త్వరగా ప్రభూ, త్వరగా!"

రాజు బంగారయ్య భుజం పట్టుకుని, ఉన్న సత్తువంతా పెట్టి అరిచాడు. "కేకలు ఎవరికీ అమ్మడం లేదు! అందరివీ! ఎప్పటికీ అందరివే! ఎవరైనా పలకండర్రా!"

ఎడమ పక్క నుంచి, బాగా దగ్గర్నుంచి "హో...య్" అని వచ్చింది. అది ఆగాక పై రేవు నుంచి ఇంకొకటి. అదీ ఆగాక చాకలి రేవు నుంచి మూడోది. తెడ్డు మనిషి ఒక్క ఊపున పడవ తిప్పాడు. నూకాలు కేకని పట్టుకుని రేవు చేరారు.

ఒడ్డున సంత వెలవెలబోతోంది. రేవు సుంకం వసూలు చేసే గుమాస్తా ఖాళీ పెట్టె ముందు కునుకుతున్నాడు.

"ఈరోజు సుంకం ఎంతొచ్చింది?" అన్నాడు రాజు.

"ఏమీ రాలేదు ప్రభూ. పడవలు రాలేదు, చేపలు రాలేదు, కొనేవాళ్ళూ రాలేదు."

"కానీ ప్రభూ, శెట్టి వెయ్యి వరహాలు..." అని నసిగాడు మంత్రి.

"రేపు ఈ మంచులో నిన్నొక్కణ్ణే పడవెక్కిస్తాను. ఆ వెయ్యీ మూటగట్టుకుని కూర్చో" అన్నాడు రాజు.

తర్వాత రాజు నూకాలు వైపు తిరిగి కళ్ళెర్రజేశాడు. "ఇంత దగ్గరలో ఉన్నావు. నేను ముందు అన్నిసార్లు పిలిస్తే ఎందుకు పలకలేదు? నా గొంతు పోల్చుకోలేదా?"

నూకాలు చేతులు కట్టుకుంది.

"అయ్యో బాబయ్యా, పోల్చుకోకపోవడమేమిటి! 'ఎవరక్కడ' అని అరిచేది ఈ రాజ్యంలో ఇంకెవరు? తమరని తెలిసే గట్టిగా నోరు నొక్కుకున్నాను. ఇంకెవరైనా అయ్యుంటే, కొరడా దెబ్బలకి సిద్ధపడైనా పలికేదాన్ని."

రేవంతా బిక్కచచ్చిపోయింది. రాజు మీసాలు మొదట కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆపైన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే హారం తీసి నూకాలు చేతిలో పెట్టాడు. తన భుజాన ఉన్న పట్టుశాలువా బంగారయ్యకి కప్పాడు. మంచుకి తడిసి నీళ్ళు కారుతున్న శాలువాయే. అయినా రాజుగారిది కదా, అతను చలికి వణుకుతూనే ఇంటిదాకా కప్పుకుని వెళ్ళాడు.