వెళ్ళి రమ్మన్న ఇల్లు

అనగనగనగా, గోదారి కాలవ పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మగారని ఒకావిడ. ఆవిడకో పెద్ద మండువా లోగిలి. మండువా అంటే తెలుసుగా? ఇంటి నడుమ ఆకాశం కనపడే జాగా. చుట్టూ టేకు స్తంభాలు. నీ రెండు చేతులూ చాపి వాటేసుకున్నా అందవు!

అంత ఇంట్లో ఆవిడొక్కతే. "ఈ ఇల్లమ్మేసి కాశీ పోతాను, విశ్వనాథుడి పాదాల దగ్గరే ఉండిపోతాను" అనుకుంది. కలప షావుకారుకి కబురు పెట్టింది. అతను పాత ఇళ్ళు విప్పి, కలప అమ్ముకుంటాడు.

అప్పుడు గాలివానొచ్చి ఊరి బడి పాక కాస్తా ఎగిరిపోయింది. గవర్రాజు మాస్టారు పిల్లల్నేసుకుని అచ్చియ్యమ్మగారి అరుగెక్కారు.

వాన వెలిసింది. పిల్లలు "వెళ్ళొత్తామండీ" అన్నారు. గడప దిగేవాళ్ళని వట్టి "వెళ్ళండి" అనకూడదుగా మనం! ఆవిడ "వెళ్ళి రండర్రా" అంది.

మర్నాడు పొద్దున్నే అరుగు నిండా పిల్లలు!

"మళ్ళీ వచ్చారేమర్రా?"

బుల్లెమ్మని ఒక గుంట, ముందు పళ్ళు రెండూ లేవు, "మీరే కదండీ రమ్మన్నారు!" అంది.

అచ్చియ్యమ్మగారికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. అన్నమాట అన్నదే మరి. "ఇవ్వాళ్టికి కూర్చోండి" అంది. సాయంత్రం మాత్రం వట్టి "వెళ్ళండి" అనే అనాలని గట్టిగా అనుకుంది.

ఆ తర్వాత దీపాలవేళ అయింది. ఆవిడ చేతిలో దేవుడి దీపం. బుల్లెమ్మ వచ్చి "వెళ్ళొత్తానండీ" అంది. దీపం పట్టుకుని అశుభం పలకడానికి నోరు రాలేదు. "వెళ్ళి రా తల్లీ" అనేసింది.

ఊ కొడుతున్నావా? ఊ!

మూడోనాడు షావుకారొచ్చాడు. పిల్లలు మండువా చుట్టూ కూర్చుని గుణింతం వల్లిస్తున్నారు. అతను స్తంభం మీద టకటకా కొట్టి చూశాడు.

"ఎవరండీ?" అంది స్తంభం!

స్తంభం కాదులే, దాని వెనకున్న బుల్లెమ్మ. పిల్లలంతా గొల్లున నవ్వారు. అచ్చియ్యమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో!

షావుకారుకి ఒళ్ళు మండింది. "సరుకు మంచిదేనండి. ఈ కోతిమూకని తోలెయ్యండి, రేపే విప్పేస్తాం. వెళ్ళొస్తాను."

ఆవిడ దేవుడి గూటివైపు చూసి దణ్ణం పెట్టుకుంది. అప్పుడు నెమ్మదిగా "వెళ్ళండి" అంది.

షావుకారు గడప మీదే ఆగాడు, వెనకాల "రండి" వస్తుందేమోనని. రాలేదు. చెప్పులేసుకుని పోయాడు.

ఆ తర్వాత ఊరంతా కలిసి ఆ ఇంటికే కొత్త పెంకు నేసింది, ఇక బడి అక్కడే. సావిట్లో ఒకటో తరగతి, పడమటింట్లో రెండు, ధాన్యం కొట్లో మూడు. మాస్టారికే బెంగ. "మీ కాశీ మాటేమిటండీ?" అన్నారు.

"ఎండాకాలం సెలవులిస్తారుగా మాస్టారూ!" అంది ఆవిడ.

వెళ్ళింది, గంగలో మునిగింది. కాశీకెళ్తే ఇష్టమైనదొకటి వదిలెయ్యాలి కదా! ఆవిడ వంకాయ వదల్లేదు, మామిడిపండు వదల్లేదు. "నా ఇల్లు" అనే మాట వదిలేసి వచ్చింది. బండి దిగుతూనే, "మా బడి తాళాలేవీ మాస్టారూ?" అని అడిగింది.

కథేమో కంచికి,
పలకేమో బడికి,
కునుకేమో నీ కంటికి,
నేనింక నా మంచానికి!